నాలుగో ‘డు’

ఢిల్లీ తెలుగు సంఘం ఉగాది సంచికలో సరోజ కథ పడుతోందన్న సంగతి జనక్‌పురిలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసేలా చూసుకుంది, అంతే. పాలబూత్ దగ్గర భానుమతి కనిపించి, శుక్రవారం బజారుకి వస్తావా అని అడిగితే, “ఈ వారం కుదరదమ్మా, ప్రూఫులు చూసుకోవాల” అంది. నలభై నాలుగేళ్ళకి మొదటి కథ రాసిన మనిషికి ఆ మాత్రం డాబు ఉండకూడదా?

అందుకే శనివారం సాయంత్రం త్యాగరాజుగారు కాగితాలు గొట్టంలా చుట్టి పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే, సరోజ మంచి కప్పులు బయటికి తీసింది. త్యాగరాజుగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షనాఫీసరు, తెలుగు సంఘానికి కార్యదర్శి, సంచికకి సంపాదకుడు. మూడు పదవుల బరువూ ఆయన నడకలో కనిపిస్తుంది. సోఫాలో కూర్చుని, కాఫీ రెండు గుక్కలు తాగి, “కథ చాలా బాగుందమ్మా” అన్నారు. బాగుందని మొదలుపెట్టినవాళ్ళు తర్వాత ఎటు పోతారో ఆమెకి తెలుసు.

“బాగుంది గానీ, ఈ ఏడాదికి ఆపేద్దామండీ.”

“ఏంటికి?” అంది సరోజ. కోపం వచ్చినా భయం వేసినా ఆమెకి ఆదోని మాటే వస్తుంది.

ఆయన కాగితాలు విప్పి టీపాయ్ మీద పరిచారు. సరోజ తన కథని అచ్చులో చూడడం అదే మొదటిసారి. ‘బాయికి తాళం’ అని పైన పెద్ద అక్షరాలు, కింద ఆమె పేరు. కరువు కాలంలో ఖాదరు అనే కుర్రాడు తమ ఇంటి బావికి తాళం వేస్తాడు. నరసమ్మవ్వ అనే ముసలామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళి, మీ ప్రవక్త ఏం చెప్పాడో నీకు తెలీదా అని వాడిని నలుగురిలో నిలదీసి, తాళం తీయిస్తుంది. అదీ కథ. అచ్చయిన పేజీల్లో మూడుచోట్ల పెన్సిలుతో చిన్న సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒక్కో సున్నాకి ఎదురుగా మార్జిన్‌లో ఒక్కో ప్రశ్న గుర్తు.

“ఇవి ప్రెస్సులో కంపోజిటరు పెట్టినవి. పేరు మీరావలి. మన తెనాలివాడే, కానీ ముస్లిం. చూడండి, ప్రవక్త పేరు వచ్చిన చోటే మూడు మార్కులూను. అంటే ఏమిటి? అభ్యంతరం ఉందనేగా. అయోధ్య గొడవ జరిగి ఇంకా రెండేళ్ళు కాలేదు. వాళ్ళ నమ్మకాల జోలికి మనమెందుకు వెళ్ళడం? పొద్దున్నే ప్రెస్సుకి ఫోను చేసి ఆ ఆరు పేజీలూ తీసెయ్యమన్నాను. ఇంద్రాణిగారి ఊరగాయల వ్యాసం ఉంది, అది వేద్దాం. గౌరవం ముఖ్యం కదమ్మా.”

పేపరు చదువుకుంటున్న సరోజ భర్త మల్లికార్జున అప్పుడు తలెత్తాడు. ఇంట్లో భార్య రాసిన కథని ఆయన ఇంకా సగమే చదివాడు. అయినా లేచి వచ్చాడు.

“వానికి నచ్చకపోతే మనం ఆపల్లనా? వాని పని అక్షరాలు పేర్చేది. కథలో వేలు పెట్టడానికి వాడెవడు? రాసేదానికి, మాట్లాడేదానికి ఈ దేశంలో స్వేచ్ఛ ఉండాది సార్. ఒక్క అక్షరం గూడా మార్చకుండా వెయ్యండి, ఏమైతాదో చూద్దాం.”

“ఏమైనా అయితే సంఘం పేరు పోతుందండీ మల్లికార్జునగారూ.”

“ఇట్లా భయపడితేనే పోతాది.”

అరగంట సేపు ఒకరు గౌరవం అన్నారు, ఒకరు స్వేచ్ఛ అన్నారు. కాఫీ చల్లారిపోయింది. కథ రాసిన మనిషి ఎదురుగానే నిలబడి ఉందని ఇద్దరికీ గుర్తు లేదు. వంటింటి గుమ్మంలో నుంచి వింటున్న కూతురు సాత్విక మాత్రం, “మమ్మీ, ఉన్‌సే పూఛా కిసీనే?” అంది. అతన్ని ఎవరైనా అడిగారా అని దాని ప్రశ్న. త్యాగరాజుగారు పిల్లవైపు చూసి నవ్వి, టైము చూసుకుని లేచారు.

ఆయన వెళ్ళాక సరోజ ప్రూఫు ముందేసుకుని కూర్చుంది. పెన్సిలు సున్నాలు మొత్తం వాక్యానికి కాదు, మాటకి కూడా కాదు, ఒక్క అక్షరానికి చుట్టి ఉన్నాయి. ‘ప్రవక్త చెప్పాడు’. ‘డు’కి సున్నా. మిగతా రెండు చోట్లా కూడా ‘డు’కే. సరోజకి ఒళ్ళు మండింది. స్కూల్లో డిక్టేషనులో ఏనాడూ ఒక్క మార్కు పోగొట్టుకోని మనిషి. తన తెలుగులో తప్పు పట్టేవాడు లక్ష్మీ నగర్ ప్రెస్సులో పుట్టాడా? ఇంకోసారి లెక్కపెట్టింది. కథలో ప్రవక్త ప్రస్తావన నాలుగుసార్లు వచ్చింది. మూడు తాను రచయితగా రాసినవి, నాలుగోది నరసమ్మవ్వ మాటల్లో వచ్చేది. నాలుగోదానికి గుర్తు లేదు. అది అతని కంట పడి ఉండదులే అనుకుంది.

ఆదివారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆరు పేజీల కథ. వంటయ్యాక, అంట్లయ్యాక, మధ్యాహ్నాలు కూర్చుని ఏడాది పాటు రాసింది. రాసి కొట్టేసి, కొట్టేసి రాసింది. అది పడాల్సిన చోట ఊరగాయలు పడతాయన్నది తల్చుకుంటే ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ, రెండు పప్పుగిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమింది.

సోమవారం పొద్దున్నే మల్లికార్జున ఆఫీసుకి వెళ్ళగానే చీర మార్చుకుని, ప్రూఫు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. రెడ్‌లైన్ బస్సులో ఐటీవో దాకా నిలబడే వెళ్ళింది. అక్కడ ఇంకో బస్సు ఎక్కి యమున దాటింది. దారి పొడుగునా అతన్ని ఏమని దులపాలో కూడబలుక్కుంటూనే ఉంది. లక్ష్మీ నగర్‌లో దిగేసరికి ఆ ఉపన్యాసం మూడు పేజీలయింది.

ప్రెస్సు ఒక సందులో, కోచింగ్ సెంటర్ బోర్డుల కింద ఉంది. ముందు గదిలో యజమాని దశరథ్ ఉన్నాడు. “తెలుగు? అందర్ జాయియే బహన్‌జీ, మీరా భాయ్ హై” అని లోపలి గది చూపించాడు. అతనికి తెలుగు అక్షరాలన్నీ జిలేబీలే. ఏ అక్షరం ఏమిటో తెలిసిన మనిషి ఆ ప్రెస్సులో ఒక్కడే.

లోపల కిటికీ పక్కన ఎత్తు బల్ల మీద వాలుగా, గళ్ళుగళ్ళుగా అక్షరాల కేసులు ఉన్నాయి. వాటి ముందు యాభై అయిదేళ్ళ బక్కపల్చని మనిషి నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు ఒక కాడ దారంతో కట్టి ఉంది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే ఇనుప స్టిక్కు, కుడిచెయ్యి కేసుల మీద తిరుగుతోంది. గడిలోకి చూడకుండానే సీసపు అక్షరం తీస్తున్నాడు, ఎటువైపు నిలబెట్టాలో చెప్పే గాడిని బొటనవేలితో తడిమి చూసుకుని స్టిక్కులో నిలబెడుతున్నాడు. అక్షరం ఒక గడిలో, దాని ఒత్తు ఇంకో గడిలో. కుడిచేతి బొటనవేలు నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది. సరోజ ఒక్క నిమిషం తన ఉపన్యాసం మర్చిపోయి ఆ చెయ్యినే చూసింది.

“మీరావలి అంటే మీరేనా? నేను సరోజ. ‘బాయికి తాళం’ రాసినాను.”

అతను లైను పూర్తయ్యేదాకా ఆగి, స్టిక్కుతో సహా తిరిగాడు. “రండమ్మా. కూర్చోండి” అన్నాడు. గుమ్మంలోకి చూసి ఒక టీ చెప్పాడు.

“నా తెలుగులో తప్పేముంది? డు అంటే డునే. దాని మీద ప్రశ్న గుర్తు ఏంటికి పెట్టినారు?”

“తప్పా? ఆరు పేజీల్లో ఒక్కటి లేదండి. బండి ‘ఱ’ ఎక్కడ రాయాలో తెలిసినావిడ కాపీ నా చేతికొచ్చి ఎన్నేళ్ళయిందో. ఆ ‘ఱ’ గడిలో దుమ్ము దులిపి మరీ పేర్చానండి.”

ఇది సరోజ ఊహించని దెబ్బ. మూడు పేజీల ఉపన్యాసంలో మొదటి పేజీ అక్కడే పోయింది. మొహంలోకి వచ్చేసిన సంతోషాన్ని దాచుకుందామని సంచి సర్దుకుంది.

“మరి కథ తీసెయ్యమని ఎందుకు చెప్పినారు?”

“నేనా?” అతని కనుబొమలు కళ్ళజోడు దాటి పైకి పోయాయి. కిటికీ కిందున్న చెక్క బల్ల వైపు చూపించాడు. దాని మీద ఆరు పేజీల అచ్చు, ఆరు దిమ్మలుగా, చుట్టూ పురికొస కట్టి వరసగా ఉంది. “విప్పి అక్షరాలు కేసుల్లో వేసెయ్యమని శనివారం ఫోనొచ్చిందండి. రాసినావిడ నోటితో చెప్పకుండా విప్పబుద్ధి కాలేదు. అక్షరాలు మీ కథలో ఉండిపోయి ఆ కేసులో తక్కువైతే, ఈ పెళ్ళికార్డు ఇంకో సైజులో పేరుస్తున్నా.”

అతను పెన్సిలు తీసి ఒక చిత్తుకాగితం అంచున ఒక గీత అడ్డంగా కొట్టి, చివర తోక తిప్పాడు.

“తీసెయ్యాలంటే మా పనిలో గుర్తు ఇదండి. నేను పెట్టింది ఇది కాదు. ప్రశ్న గుర్తు పెడితే రాసినవాళ్ళని అడుగుతున్నామని. ఇదిట్లాగే ఉండాలా అని. ఉండాలంటే ఉంటది.”

“ఆ మాత్రం త్యాగరాజుగారికి తెలీదా?”

“ఆయన ఆఫీసులో ప్రశ్న గుర్తు పడితే ఫైలు ఆగిపోద్దేమోనండి.”

సరోజకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. టీ వచ్చింది, ఒక్కటే గ్లాసు. మీకో అని అడగబోయి, ఇది రంజాను నెల అని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. “మీరు తాగండమ్మా, నాకేం ఇబ్బంది లేదు” అని అతను మళ్ళీ కేసు వైపు తిరిగాడు. ఆమె రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టింది. అసలు మాట ఇంకా మిగిలే ఉంది.

“చూడండి. మేము రాముడు అన్నాడు అంటాం. కృష్ణుడు వచ్చాడు అంటాం. ఏసు చెప్పాడు అంటాం. ‘డు’ అంటే తక్కువ చేసినట్టు కాదు. మనవాడు అనుకుంటేనే ఆ మాట వస్తాది. మీ ప్రవక్తని గూడా నేనట్లే అనుకుని రాసినాను.”

“అది తెలుస్తానే ఉందండి. తెలియకపోతే గుర్తెందుకు, ఊరుకునేవాణ్ణి. మా అమ్మ అల్లానే నువ్వు అంటది. నువ్వు చూడకపోతే ఎవరు చూస్తారు అని కయ్యం పెట్టుకునేది. ఆ పైనున్నోడితో మాకు ఎంత చనువైనా ఉంటది. ప్రవక్తగారి దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు అట్లా రాదు. మా నాన్న ఆ పేరు వినగానే చేసే పని ఆపి సలాం చెప్పుకునేవాడు.”

“మీ నాన్నని ‘డు’ అంటాండారే?”

“నాన్న నావోడు కదండి” అన్నాడు మీరావలి, చిన్నగా నవ్వి.

సరోజ సంచి ఒళ్ళోకి తీసుకుంది. పక్క గదిలో ట్రెడిల్ మిషను టకటకా ఆడుతోంది.

“నేను మార్చనంటే?”

“ఉన్నదున్నట్టు అచ్చవుతది. కాపీ మీది. ఆ మూడు ‘డు’లూ నేనే కదండీ పేర్చింది.”

“పేర్చేటప్పుడు ఏమనిపించింది?”

“చెయ్యి ఆగిందండి. అబద్ధమెందుకు. ఆగింది, పేర్చాను. కాపీలో ఒకటుంటే స్టిక్కులో ఇంకోటి పెట్టేవాడు కంపోజిటరు కాడు. మా గురువు తెనాలిలో ముందు నేర్పింది అది, తర్వాతే అక్షరాలు.”

సరోజకి సిగ్గేసింది. శనివారం నుంచి ఇద్దరు పెద్దమనుషులు తన కథని చెరోవైపూ లాగారు. ఒకాయన ఇతనికి కోపం వస్తుందని కథనే తీసేశాడు. ఇంకొకాయన ఇతనికి కోపం రావాలని కథని వెయ్యమన్నాడు. ఇతనేమో తనకి నొప్పి కలిగించిన అక్షరాన్ని తన చేత్తోనే పేర్చి, పక్కన పెన్సిలుతో ఒక మాట అడిగి, ఆమె జవాబు కోసం కూర్చున్నాడు. కథని తన చేతికి తిరిగి ఇచ్చినవాడు ఇతనొక్కడే. ఇంత మర్యాదగా తనని ఈ ఢిల్లీలో ఇప్పటిదాకా ఎవరూ ఒక మాట అడగలేదని ఆమెకి తోచింది.

ప్రూఫు తీసి మూడు వాక్యాలూ చదువుకుంది. ‘రు’ పెట్టి మళ్ళీ చదువుకుంది. దానాల్లో నీళ్ళ దానం మేలని ప్రవక్త చెప్పారు. చెవికి ఎక్కడా తట్టుకోలేదు. కథ ఎక్కడా కుంటుపడలేదు. బలవంతం చేసి ఉంటే ప్రాణం పోయినా మార్చేది కాదు, అది ఆమెకి బాగా తెలుసు.

“మార్చండి. మూడూ మార్చండి. ఇంకోటి గూడా ఉంది, మీ కంట పడినట్టు లేదు. నరసమ్మవ్వ మాటల్లో. అది గూడా ‘రు’ చేసేయండి.”

మీరావలి తన చేతిలోని స్టిక్కుని మొదటిసారి బల్ల మీద పెట్టారు.

“పడిందండి. అది మార్చకండి.”

“ఏంటికి?”

“ఆవిడ అట్లాగే అంటది గనక. ఆ ముసలామె రాముణ్ణీ డు అంటది, కలెక్టరునీ డు అంటది. ఆవిడ నోట్లో ‘రు’ పెడితే నరసమ్మవ్వ పోయి బళ్ళో టీచరమ్మ వస్తది. ఆ టీచరమ్మ అడిగితే ఖాదరు తాళం తియ్యడండి. మీరు చెప్పేచోట మిమ్మల్ని అడిగాను. ఆవిడ మాట్లాడేచోట నేనెవర్ని అడగడానికి?”

సరోజ కథని ఇంతగా చదివిన మనిషి ఇంకొకరు లేరు. భర్త సగంలో ఆపాడు. సంపాదకుడు పెన్సిలు గుర్తులు చూశాడు. నరసమ్మవ్వ ఎవరో తెలిసింది ఈయనకే. ఆమె గర్వంగా, బల్ల మీదున్న తన చేతిరాత కాపీ తీసుకుని మూడుచోట్ల పెన్నుతో ‘రు’ దిద్ది, నాలుగోదాన్ని అలాగే వదిలేసింది.

మీరావలి దిమ్మల పురికొస విప్పి, చిన్న పట్టకారుతో ‘డు’ని పైకి లాగారు. ‘రు’ దించారు. అది ‘డు’ కన్నా ఒక వెంట్రుకవాసి సన్నం, అందుకని పలచటి కాగితపు ముక్క మడిచి పక్కన దూర్చి, లైను వేలితో నొక్కి చూశారు. కదల్లేదు. మూడుచోట్లా అయ్యేసరికి పావుగంట పట్టింది.

తర్వాత సరోజ దశరథ్ బల్ల మీదున్న ఫోను తీసుకుని త్యాగరాజుగారి ఆఫీసుకి చేసింది. సంగతంతా చెప్పింది. అవతల ఆయన విన్నారు. మెత్తబడ్డారు కూడా.

“సరేనమ్మా, అలా అయితే వేద్దాం. కానీ ఆ నాలుగోది కూడా మార్చేయండి. ఎందుకైనా మంచిది.”

“దాన్ని మార్చొద్దంటాండేది ఆయనే సార్.”

“ఎవరు?”

“మీరు ఎవరికి కోపం వస్తాదని కథ ఆపినారో, ఆయన.”

అవతల నమ్మినట్టు లేదు. “రేపు ఎవరైనా అడిగితే నేను సంఘానికి జవాబు చెప్పుకోవాలమ్మా. మార్చి వేయండి, లేకపోతే వద్దు.” సరోజ రిసీవరు మీరావలి వైపు చాపింది. ఆయన గుడ్డతో చెయ్యి తుడుచుకుని, సిరా అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

“నమస్కారమండి, మీరావలిని. ముప్పై ఆరేళ్ళనుంచి ఏ కాపీ ఇచ్చినా కాదనకుండా పేర్చానండి. నాకు నచ్చనివి చాలా పేర్చాను. ఆ ముసలమ్మ మాట మారిస్తే మాత్రం ఈ ఆరు పేజీలూ నేను మిషనెక్కించనండి. మీరు ఇంకొకళ్ళ చేత చేయించుకోండి.”

ఢిల్లీలో తెలుగు పేర్చడానికి ఇంకొకళ్ళు లేరని త్యాగరాజుగారికి తెలుసు. అయినా ఆయన ఒప్పుకున్నది అందుకే కాకపోవచ్చు. చివరికి ఏమన్నారో సరోజకి వినపడలేదు. మీరావలి “అట్లాగేనండి, ఆఖరి ప్రూఫు మీద ఆవిడ సంతకం పెడతారు, చదివాక” అని ఫోను పెట్టేశారు.

రోలరుతో సిరా పూసి కొత్త ప్రూఫు తీశారు. తడి ఆరకుండానే సరోజ చేతిలో పెట్టారు. “ఆఖరి ప్రూఫు ఇద్దరు చూడాలండి. కాపీ నేను పైకి చదువుతాను. మీరు అచ్చు మీద వేలు పెట్టి చూసుకోండి. తేడా వస్తే ఆపండి” అన్నారు.

ఆమె చేతిరాత కాగితాలు పట్టుకుని, కామా దగ్గర కామా అని, పూర్ణవిరామం దగ్గర పూర్ణవిరామం అని చెప్తూ చదవడం మొదలుపెట్టారు. పొద్దుటినుంచి నీళ్ళు తాగని గొంతు. మొదటి పేజీ, రెండో పేజీ. చెప్పారు అని ఆమె పెన్నుతో దిద్దినచోట అలాగే చదివారు. సరోజ వేలు లైను వెంట కదులుతోంది. అయిదో పేజీలో నరసమ్మవ్వ బిందె దించి, కుర్రాడికి ఎదురు నిలబడింది.

మీరావలి కాగితం కొంచెం దూరంగా జరిపి, గొంతు పెంచారు. తెనాలి నోటికి సీమ యాస ఎక్కడ దొరికిందో గానీ దొరికింది. “ఒరే ఖాదరా, కామా, నీళ్ళడిగినోనికి లేదనొద్దని మీ ప్రవక్త చెప్పినాడంట గదరా, కామా, మీ బాయికి తాళం ఏంటికిరా, ప్రశ్న గుర్తు.”

ఎక్కడా తడబడలేదు. ఎక్కడా మింగలేదు. ఆ ‘డు’ని ఆ ముసలామె అన్నట్టే, ఆమెకున్న హక్కుతోనే, గది దద్దరిల్లేలా పలికారు. ముందు గదిలోంచి దశరథ్ తొంగిచూశాడు. సరోజ వేలు లైను మీదే ఆగిపోయింది. ఆమె చూడాల్సింది అచ్చు, చూస్తున్నది ఆయన మొహం.

“చూస్తున్నారా అమ్మా?” అని అడిగారు మీరావలిగారు.

“చూస్తాండాను. సరిగ్గా ఉంది. తర్వాతి లైను చదవండి” అంది సరోజ.